ప్యూర్ సిలికాన్ దేనికీ పనికిరాకపోతే ఆ చాప్టర్ ఎందుకు చదవాలి?

డోపింగ్ చేయని, అంటే వేరే పదార్థం కొంచెం కూడా కలపని ప్యూర్ సెమీకండక్టర్ వాడుకలో లేనప్పుడు, దాని చాప్టర్ సిలబస్‌లో ఎందుకు పెట్టారని ఒకరు అడిగారు. వాడుకలో లేదన్న మాటే తప్పు. డయోడ్ అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం; అందులో PIN అనే రకం డయోడ్ మధ్యలో ఉండేది దాదాపు ప్యూర్ పొరే. అసలు డయోడ్ వేడెక్కితే ఏమవుతుందో తెలియాలంటే ఈ చాప్టరే దిక్కు.

నేను హైదరాబాద్‌లోనే డిప్లొమా చేశాను. మా ల్యాబ్ అసిస్టెంట్ గారు కోఠిలో రేడియోలు బాగుచేసి వచ్చిన మనిషి. ఎండాకాలం ఒక మధ్యాహ్నం జెర్మేనియం (సిలికాన్ లాంటి మరో సెమీకండక్టర్) డయోడ్‌ని రివర్స్ బయాస్‌లో, అంటే కరెంటు పోని వైపు వోల్టేజీ ఇచ్చి పెట్టి, మైక్రో అమ్మీటర్ కలిపి, సోల్డరింగ్ ఐరన్‌ని తగలకుండా దాని పక్కన పట్టుకోమన్నారు. ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది, వోల్టేజీ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు! ఐరన్ తీసేస్తే మెల్లగా దిగింది. అక్కడే సిలికాన్ డయోడ్ పెట్టి ఎంతసేపు కాచినా ముల్లు కదలలేదు. "ఒరేయ్, ఇది డోపింగ్ ఇచ్చిన కరెంటు కాదు, వేడికి బంధాలు తెగి పుట్టింది" అన్నారాయన.

పరమాణువుల మధ్య ఒక బంధం తెగితే ఒక స్వేచ్ఛా ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ అయిన ఒక హోల్ జంటగా పుడతాయి. అందుకు సిలికాన్‌లో సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల శక్తి కావాలి, జెర్మేనియంలో 0.67 చాలు. తేడా చిన్నగా కనిపిస్తుంది కానీ, మామూలు గది వేడిలో ప్యూర్ జెర్మేనియంలో దాదాపు 200 కోట్ల పరమాణువులకు ఒక స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ఉంటే, సిలికాన్‌లో కొన్ని లక్షల కోట్ల పరమాణువులకు ఒకటి. అంటే వేడికి అనవసరంగా పుట్టే కరెంటు సిలికాన్‌లో చాలా తక్కువ. 1947లో మొదటి ట్రాన్సిస్టర్ జెర్మేనియంతో చేసినా, 1954లో సిలికాన్‌ది వచ్చాక అందరూ అటు మళ్లడానికి ఇదో పెద్ద కారణం. గామా కిరణాలు కొలిచే ప్యూర్ జెర్మేనియం డిటెక్టర్లను ఇప్పటికీ లిక్విడ్ నైట్రోజన్ లాంటి వాటితో చల్లబరిచేది కూడా ఇందుకే.

మన కాలేజీల్లో ఇదంతా ఎవరు చూపిస్తున్నారు? ఎలక్ట్రాన్ల సంఖ్య, హోల్స్ సంఖ్య సమానం అని ఒక లైను రాయించి, నాలుగు బిట్లు బట్టీ పట్టించి పంపేస్తారు. ల్యాబ్ రికార్డేమో సీనియర్ల దాంట్లోంచి రీడింగులతో సహా దింపేయడమే. పిల్లలకు ఇంట్రెస్ట్ లేదని మళ్లీ వాళ్లనే తిట్టడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

ఆ ప్రయోగం మీరే చేసి చూడాలంటే, ఒకసారి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి జెర్మేనియం డయోడ్ కావాలని అడగండి. ఆ పేరు చెప్పి వేరేవి కూడా అంటగడతారు కాబట్టి, గాజు లోపల సన్నటి తీగ మొన కనిపించేదే చూసి తీసుకోండి.