రోజుకు 20 రూపాయలే కదా అని 1.46 లక్షల పరుపు కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 37. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో చేస్తున్నాను. చేతికి 94,000 వస్తుంది. మా ఆవిడ ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది, నెలకు 12,000 దాకా వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 36,500, కారుది 11,200. కారు లోన్ ఇంకా 14 నెలలు ఉంది. ఇంటి ఖర్చులు, బాబు స్కూలు ఫీజు, క్రెడిట్ కార్డు మినిమం డ్యూ అన్నీ కలిపి 46,000. ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్ 5,000. బ్యాంకులో 85,000, ఈక్విటీ ఫండ్లలో 1.2 లక్షలు ఉన్నాయి. కార్డు బాకీ 38,000. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ 4 లక్షలు, అందులో అమ్మ లేదు. అమ్మకు 63, షుగర్ ఉంది, మాతోనే ఉంటుంది.

రెండేళ్లుగా నాకు నడుం నొప్పి. మా పరుపు 11 ఏళ్ల నాటిది, మధ్యలో గుంట పడింది. మొన్న ఒక షోరూమ్‌లో సహజ లేటెక్స్ (రబ్బరు పాల నురుగు), కొబ్బరిపీచు, ఉన్ని పొరలతో చేసి పైన కాటన్ కవరు కుట్టిన పరుపు చూశాం. కాస్త రబ్బరు వాసన వచ్చింది గానీ, పావుగంట పడుకుంటే లేవబుద్ధి కాలేదు. నడుం కింద ఎవరో చెయ్యి పెట్టి పట్టుకున్నట్టు ఉంది. ధర 1,46,000. 20 ఏళ్లు వస్తుందట, అంటే రోజుకు 20 రూపాయలు. ఇది ఆరోగ్యం మీద పెట్టుబడే కదా? ఒకేసారి కడితే 8 శాతం తగ్గిస్తారట. లేదంటే వడ్డీ ఉండదని చెప్పే 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. సిప్ ఆపితే ఈఎంఐకి సరిపోతుంది. అదీ కాకపోతే బ్యాంకు యాప్‌లో 16 శాతానికి నాలుగేళ్ల ప్రీ అప్రూవ్డ్ లోన్ 3 లక్షలు చూపిస్తోంది. దాంతో పరుపు, టేకు మంచం, కార్డు బాకీ మూడూ అయిపోతాయి. మా ఆవిడ వద్దంటోంది. ఏది మంచిది? నా ప్రాజెక్టు అయిపోయి ఆరు వారాలుగా పని లేకుండా బెంచ్ మీద ఉన్నాను, త్వరలో వేరేది వస్తుందని మేనేజర్ అన్నారు.
- ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యం నుంచే మొదలుపెడతాను. ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాశారు గానీ, అసలు విషయం అదే. ఆరు వారాలుగా బెంచ్ మీద ఉన్నవారు వేసుకోవాల్సిన ప్రశ్న ఈఎంఐనా, లోనా అన్నది కాదు. రేపు ఉద్యోగం లేదని హెచ్‌ఆర్ నుంచి పిలుపొస్తే ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుంది అన్నది. జవాబు మీరు రాసిన అంకెల్లోనే ఉంది. రెండు ఈఎంఐలు కలిపి 47,700, ఖర్చులు 46,000, మొత్తం నెలకు 93,700. బ్యాంకులో ఉన్నది 85,000. నెల కూడా గడవదు. ట్యూషన్ డబ్బు కలిపితే సరిగ్గా నెల.

ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. వస్తువు మారుతుందంతే. ఒకరికి ఫోను, ఒకరికి మాడ్యులర్ కిచెన్, ఇంకొకరికి ట్రెడ్‌మిల్. అన్నిట్లోనూ ఈ ‘రోజుకు ఇంతే కదా’ అనే లెక్క ఉంటుంది. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను. ధరను 20 ఏళ్ల రోజులతో భాగిస్తే 20 రూపాయలు వస్తుంది, నిజమే. కానీ మీరు కట్టేది 20 ఏళ్లలో కాదు, 12 నెలల్లో. అప్పుడు రోజుకు 400 అవుతుంది. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని ఏడాదిలో రోజుకు 400. సేల్స్‌మన్ మీకు మొదటి లెక్క చెప్పాడు, రెండోది చెప్పలేదు. చెప్పడం అతని పని కూడా కాదు.

సిప్ ఆపితే సరిపోతుందన్నారు. చూద్దాం. మీ ఇద్దరి ఆదాయం 1,06,000. అందులో 93,700 పోతే 12,300. పరుపు ఈఎంఐ 12,167. నెలాఖరుకు మిగిలేది 133 రూపాయలు. కారు టైరు పంక్చరైనా కార్డే గీకాలి. ఆ కార్డు మీద ఇప్పటికే 38,000 ఉంది, మీరు మినిమం డ్యూ కట్టి నెట్టుకొస్తున్నారు. కార్డుల వడ్డీ మామూలుగా నెలకు మూడున్నర శాతం ఉంటుంది. అంటే నెలకు 1,330 రూపాయలు ఊరికే పోతున్నాయి. ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ ఇంకోపక్క 5,000 సిప్ చేయడం నాకు అర్థం కాదు. ఏ ఫండూ ఏటా 42 శాతం ఇవ్వదు.

నో కాస్ట్ అనే మాట గురించి. సున్నా వడ్డీ అనేది ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, వడ్డీకి సమానమైన మొత్తాన్ని షాపువాళ్లు డిస్కౌంట్‌గా చూపిస్తారు, బ్యాంకు వడ్డీ వేస్తుంది, క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరు కడతారు. 15 శాతం వడ్డీ అనుకుంటే మీ పరుపు మీద ఏడాదికి సుమారు 11,200 వడ్డీ, దాని మీద జీఎస్టీ 2,000. ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఒకేసారి కడితే వచ్చే 8 శాతం, అంటే 11,680 ఎలాగూ పోతుంది. మొత్తం 13,700 దాకా. నో కాస్ట్ అన్నదానికి ఇది కాస్త ఎక్కువే.

ఇక ఆ 3 లక్షల లోను. దీని గురించి ఓపిగ్గా రాయడం కష్టంగానే ఉంది. ఈఎంఐ 8,500 చిల్లర, పరుపు ఈఎంఐ కంటే తక్కువ, అందుకే మీకు నచ్చింది. నాలుగేళ్లలో కట్టేది 4.08 లక్షలు. వడ్డీ 1.08 లక్షలు, అంటే ఇంకో పరుపులో ముక్కాలు వంతు. బాకీ తీర్చేసిన కార్డు మీ చేతిలోనే ఉంటుంది. ఆరు నెలల్లో దాని మీద మళ్లీ బాకీ పేరుకుంటుంది, అప్పుడు లోనూ ఉంటుంది, కార్డూ ఉంటుంది. ఇది ఊహించి చెప్పడం లేదు, నా దగ్గరికి వచ్చే కేసుల్లో తరచూ చూసేదే. ప్రీ అప్రూవ్డ్ అంటే మీకు ఇవ్వడానికి బ్యాంకు సిద్ధంగా ఉందని, అంతే. మీరు తీర్చగలరన్న హామీ కాదు. మీరు బెంచ్ మీద ఉన్నారన్న సంగతి ఆ యాప్‌కు తెలియదు.

బంగారం తాకట్టు పెట్టి కొనడం గురించి మీరు అడగలేదు, అడగొద్దు కూడా.

పరుపు సంగతికి వద్దాం. నేను పరుపుల నిపుణుణ్ని కాదు. కానీ లక్షన్నర పెట్టే ఏ వస్తువుకైనా కాగితాలు చదవడం నా పని. పావుగంటలో లేవబుద్ధి కాలేదన్నారు. ఏసీ షోరూమ్‌లో, రోజంతా తిరిగి అలిసిపోయి, బూట్లు విప్పి పడుకుంటే ఏ మంచి పరుపైనా అలాగే అనిపిస్తుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లకు తెలియాల్సింది తెల్లవారుజామున ఐదింటికి లేచినప్పుడు ఎలా ఉంటుందన్నది. అది షోరూమ్‌లో తేలదు. పైగా ఉన్ని, పీచు, దూది పొరలు మొదటి కొన్ని నెలల్లో ఒంటి బరువుకు కుదించుకుంటాయి. మీరు పడుకునే చోట లోతు పడుతుంది. చాలా కంపెనీలు ఇది సహజమే అంటాయి, తల వైపు కాళ్ల వైపు మార్చి వేసుకోమంటాయి, వారంటీ కిందికి రాదంటాయి. వారంటీ ఎన్ని సెంటీమీటర్ల గుంట నుంచి వర్తిస్తుందో చూడండి. మొదటి కొన్నేళ్లు దాటాక కొత్త పరుపు ఇస్తారా, ధరలో కొంత భాగమే ఇస్తారా అన్నది కూడా. 20 ఏళ్లన్నది వారంటీ కాగితంలో ఉందా, సేల్స్‌మన్ నోట్లోనే ఉందా? మీరు భాగహారం వేసింది ఆ అంకె మీదే.

నేచురల్ అని లేబుల్ మీద ఉంటే సరిపోదు. సింథటిక్ రబ్బరు కలిపిన లేటెక్స్‌కూ ఆ పేరు పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. ఏ పొర ఎన్ని అంగుళాలు, లేటెక్స్ సాంద్రత ఘనపు మీటరుకు ఎన్ని కిలోలు, సర్టిఫికెట్ దేనికి, రబ్బరుకా, పై కవరు గుడ్డకా, ఇవన్నీ బిల్లులో రాయించుకోవాలి. గ్లోబల్ ఆర్గానిక్ లేటెక్స్ స్టాండర్డ్ సర్టిఫికెట్ ఉంటే ముడిసరుకులో 95 శాతం సర్టిఫై చేసిన ఆర్గానిక్ రబ్బరు ఉండాలి, నంబరు ఇస్తారు, సరిచూసుకోవచ్చు. కొబ్బరిపీచు పొర అన్నది చాలాసార్లు పీచు మీద లేటెక్స్ చల్లి అచ్చు వేసిన మామూలు కాయర్ పలకే. తప్పేం లేదు, కానీ దానికి లగ్జరీ ధర అక్కర్లేదు. వంద రాత్రులు వాడి చూడండి అంటే వెనక్కి ఇచ్చేటప్పుడు రవాణా ఎవరిది, మరక ఉంటే తీసుకుంటారా, మీ మంచం కొలతకు ప్రత్యేకంగా చేయిస్తే వాపసు ఉంటుందా అని ముందే అడగండి. ఈఎంఐలో కొన్నది వెనక్కి ఇస్తే కట్టేసిన జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా తిరిగి రావు. ఇంకోటి, మనవాళ్లకు పరుపు ఎండలో వేయడం అలవాటు. దూది పరుపుకు అది మంచిదే గానీ లేటెక్స్ ఎండకు పెళుసెక్కిపోతుంది. మీ అమ్మగారికి ఈ సంగతి ముందే చెప్పాలి.

ఆరోగ్యం మీద పెట్టుబడి అన్నారు. నడుం నొప్పి, పరుపుల మీద స్పెయిన్‌లో 313 మందితో చేసిన అధ్యయనం ఒకటి 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. బాగా గట్టి పరుపు కంటే మధ్యరకం గట్టి పరుపు మీద పడుకున్నవాళ్లకు నొప్పి ఎక్కువ తగ్గిందని తేలింది. అక్కడ పోల్చింది గట్టిదనాన్ని. ఉన్నీ పీచూ కాదు, ధరా కాదు. మధ్యరకం గట్టిదనం 15,000 లోపు కూడా దొరుకుతుంది. రెండేళ్లుగా నొప్పి అంటున్నారు, డాక్టర్‌కు చూపించుకున్నట్టు మాత్రం ఎక్కడా రాయలేదు. ముందు ఆర్థోపెడిక్ దగ్గరికి వెళ్లండి, అవసరమైతే ఫిజియోథెరపీ. దానికి ఆ 85,000లోంచి తీసినా నేనేమీ అనను.

ఇప్పుడు చేయాల్సింది. ఈ వారమే ఫండ్లలోంచి 38,000 తీసి కార్డు బాకీ సున్నా చేయండి. కొన్నాక ఏడాది దాటిన యూనిట్లే అమ్మండి. ఈక్విటీ ఫండ్ల దీర్ఘకాల లాభం ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేకుండా వస్తుంది కాబట్టి మీకు ఆ బెడద లేదు. సిప్ ఆపండి. పరుపు కోసం ఎలాగూ ఆపడానికి సిద్ధపడ్డారు, ఇప్పుడు మీ ఇంటి కోసం ఆపండి. పరుపుకు కడదామనుకున్న ఆ 12,300 నెల మొదటి రోజే స్వీప్ ఎఫ్‌డీకి (అవసరమైనప్పుడు ఖాతాలోకి తిరిగి వచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి) వెళ్లాలి. లక్ష దాటాక కొంత లిక్విడ్ ఫండ్‌లో, అంటే త్వరగా వెనక్కి తీసుకోగల తక్కువ రిస్కు ఫండ్‌లో పెట్టుకోవచ్చు. ఇన్‌స్టంట్ రిడెంప్షన్ ఉన్న స్కీముల్లో రోజుకు 50,000 దాకా వెంటనే వస్తుంది. ఆ ఖాతాకు డెబిట్ కార్డు వద్దు, యూపీఐ వద్దు. వీలైతే మీ శ్రీమతి పేరును జాయింట్‌గా పెట్టండి. ఈ ఉత్తరంలో డబ్బు విషయం సరిగ్గా ఆలోచించింది ఆవిడే.

నిజానికి అత్యవసర నిధిగా మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు. ఇప్పటి లెక్కలో 5.62 లక్షలు. చూసి భయపడొద్దు. 14 నెలల్లో కారు లోన్ తీరేసరికి మీ దగ్గర 2.57 లక్షలు ఉంటాయి. అప్పటికి నెల ఖర్చు 82,500కి దిగుతుంది కాబట్టి అది మూడు నెలలకు కాస్త పైనే. అక్కడి నుంచి కారుకు కట్టిన 11,200 పరుపు కోసం పక్కన పెట్టుకోండి, 12,300 మాత్రం ఆపకుండా అత్యవసర నిధికే వెళ్లనివ్వండి. ఇంకో 12, 13 నెలలకు పరుపు డబ్బు మొత్తం చేతిలో ఉంటుంది, 8 శాతం తగ్గింపు కూడా మీదే. అప్పటికీ అదే పరుపు కావాలనిపిస్తే కొనండి, నాకేమీ అభ్యంతరం లేదు. పండగ ఆఫర్ పోతుందని అంటారు. ఏటా వస్తుంది.

ఈ మధ్యలో ఉద్యోగం పోతే కంపెనీ ఇన్సూరెన్సూ దాంతోపాటే పోతుంది. అమ్మగారికి అయితే ఇప్పుడు కూడా లేదు. ఆమె పేరు మీద విడిగా పాలసీ తీసుకోండి. షుగర్ దాచకుండా రాయండి. ముందు నుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, మూడేళ్లకు మించి ఉండకూడదు, ఆ గడియారం పాలసీ తీసుకున్న రోజే మొదలవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. కార్డు వడ్డీ ఆగాక మిగిలే డబ్బును ఆ ప్రీమియంకు పెట్టండి, చాలకపోతే, బోనస్ ఏమైనా వస్తే మొదటి ఏడాది దాంట్లోంచి సర్దండి. పాలసీ లేకపోతే ఆసుపత్రిలో ఒక్క వారానికే పైన చెప్పిన నిధి మొత్తం కరిగిపోవచ్చు.

ఇక ఇవాళ రాత్రి నిద్ర సంగతి. టేకు మంచం మాట పక్కన పెట్టి, ఉన్న పరుపు తీసి మంచం పలక మీద ఒక పొడవాటి స్కేలును అడ్డంగా ఆనించి, కింద సందు ఉందేమో చూడండి. చాలా ఇళ్లలో గుంట పడేది పరుపు కాదు, కింద వంగిపోయిన ప్లైవుడ్ పలక. అదే అయితే వడ్రంగిని పిలిచి పలక మార్పించి, మధ్యలో అడ్డకర్ర వేయించండి. పలక బాగుండి పరుపే కుంగి ఉంటే మధ్యరకం గట్టిది ఒకటి 15,000 లోపు చూసుకోండి. కార్డు మీద మాత్రం కాదు.