పదింతలు అని రాసే ముందు

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. లిథియం బ్యాటరీల్లో సిలికాన్ ఆనోడ్ మీద, అంటే చార్జ్ చేసినప్పుడు లిథియం వచ్చి చేరే కొస మీద, రాయాలనుకోవడం బాగుంది. కానీ మొదటి వాక్యమే గుచ్చుకుంది: "సిలికాన్ వాడితే బ్యాటరీ పదింతలు పనిచేస్తుంది." ఈ తప్పు నేనూ చేశాను. కొన్నేళ్ల కింద ఓ పత్రికలో అలాగే రాస్తే, సెల్‌ఫోన్లు రిపేరు చేసే ఓ పాఠకుడు ఫోన్ చేసి "ఆ పదింతల బ్యాటరీ ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నాడు. నీళ్లు నమిలాను.

లెక్క అబద్ధమేమీ కాదు. ఆనోడ్‌లో మామూలుగా వాడే గ్రాఫైట్ గ్రాముకి 372 మిల్లీ యాంపియర్ అవర్ల చార్జి పట్టుకుంటే, గ్రాము సిలికాన్ దాదాపు 3,600 పట్టుకుంటుంది. కానీ అది ఆనోడ్‌లో ఒక్క పదార్థం లెక్క. అవతలి కొసన కాథోడ్, మధ్యలో లిథియాన్ని మోసే ఎలక్ట్రోలైట్ ద్రవం, రాగి రేకు, పై డబ్బా, వీటి బరువు ఎక్కడికీ పోదు. మొత్తం బ్యాటరీకి వచ్చే లాభం పదింతల దరిదాపుల్లో కూడా ఉండదు.

ఇక అసలు సంగతి. "సిలికాన్ వ్యాకోచిస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆగాల్సింది అక్కడే. లిథియం నిండుగా చేరితే సిలికాన్ దాదాపు నాలుగింతలు ఉబ్బుతుంది, ఖాళీ అయితే ముడుచుకుంటుంది. నల్లరేగడి చేను చూశావుగా? వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు బారుతుంది. ఆ నేల ఏడాదికోసారి పడే పాట్లు సిలికాన్ ప్రతి చార్జింగ్‌కీ పడుతుంది. 'నెర్రెలు' లాంటి మాట ఉండగా 'పగుళ్లు ఏర్పడును' ఎందుకయ్యా?

నెర్రె పడిన చోటల్లా లోపలి సిలికాన్ ఎలక్ట్రోలైట్‌కి తగిలి, దానిమీద పొర కడుతుంది. పుండు మీద పెచ్చులాగా. ఊడుతుంది, మళ్లీ కడుతుంది, కట్టినప్పుడల్లా కాస్త లిథియాన్ని మింగేస్తుంది. ఒక్కోసారికి నూటికి ఒక్క వంతే కదా అనిపిస్తుంది. వంద చార్జింగులయ్యేసరికి మిగిలేది మూడో వంతుకు కాస్త ఎక్కువ. కాల్‌క్యులేటర్‌లో నొక్కి చూడు.

నానో, అంటే కంటికి కనిపించనంత చిన్నది, అనే మాట ఇప్పుడు రావాలి, శీర్షికలో కాదు. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో యీ చూయ్ బృందం స్టీలు రేకు మీద గడ్డి మొలిపించినట్టు సిలికాన్ తీగలు పెంచింది. మధ్యలో జాగా ఉంది కాబట్టి ఉబ్బినా విరగలేదు. అయితే ఆ పేపర్‌లో చూపించింది పదీ ఇరవై చార్జింగులే, మొదటిదాంట్లోనే పెట్టిన చార్జిలో పావు వంతుకు పైగా తిరిగి రాలేదు. ఇది నువ్వు రాయలేదు. పైగా ముక్కలు చిన్నవయ్యేకొద్దీ పెచ్చు కట్టే చోటు కూడా పెరుగుతుంది. నానోకున్న పెద్ద తలనొప్పి అదే. 2014లో అదే బృందం దానిమ్మపండు నమూనా చేసింది: గింజల్లా సిలికాన్ రేణువులు, ఒక్కోదాని చుట్టూ ఉబ్బడానికి ఖాళీ, అన్నిటినీ కలిపి పైన కార్బన్ తొక్క. పెచ్చు కట్టేది ఎక్కువగా ఆ తొక్క మీదే. 1,000 సార్లు చార్జ్ చేశాక కూడా 97 శాతం సామర్థ్యం నిలిచింది. పదీ ఇరవై నుంచి వెయ్యికి ఎలా వచ్చారు అన్నదే నీ వ్యాసం.

'విప్లవాత్మకం' నాలుగుసార్లు వచ్చింది, నాలుగూ కొట్టేశాను. దానిమ్మ బొమ్మ మాత్రం ఇంటర్నెట్‌లోంచి తీసుకోకు. పెన్సిల్‌తో నువ్వే గీసి పంపు, వంకరగా వచ్చినా ఫర్వాలేదు. రెండో ప్రతి వచ్చే వారంలోపు వస్తే ఆదివారం కూర్చుని చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు