చెరువు గట్టుకి వెళ్లేముందు

భీమవరం

చిన్నీ,

మీ నాన్న ఫోన్ చేసి, "నీ మేనకోడలు బెంగళూరులో బంగారంలాంటి ఉద్యోగం వదిలేసి రొయ్యల్లో బ్యాక్టీరియా వెతుక్కుంటుందట, నువ్వే ఎక్కించుంటావు" అని నా మీద ఎగిరాడు. నేనేం ఎక్కించలేదే తల్లీ. వాణ్ణి ఎగిరినంతసేపూ ఎగరనిచ్చి, ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పడుకున్నాక మాత్రం కంటి మీద కునుకు లేదు.

నీ రీసెర్చిలో చేసే కిట్ సంగతే కదా: రొయ్యల చెరువు గట్టు మీదే పరీక్ష, పెద్ద మెషిన్ అక్కర్లేదు, మనిషికి వాంతులూ విరేచనాలూ తెచ్చే విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియా ఉందో లేదో 65 డిగ్రీల వేడిలో గంటలోపల తేల్చాలి, అంతేగా? ఒకే వేడి మీద ఉంచి దాని డీఎన్ఏని పెంచి పట్టుకునే ఆ ల్యాంప్ పద్ధతి మంచిదే. మేం బ్యాక్టీరియాని పెంచే పెట్రీ ప్లేట్లు పట్టుకుని రోజుల తరబడి కూర్చునేవాళ్లం.

సీసాల మీద పేర్లు అక్కడికక్కడే రాసుకో. ల్యాబులో టిఫిన్ డబ్బా విప్పకు. ప్లేట్లలో విబ్రియోని పెంచడానికి పోసే మీడియం, ఆ టీసీబీఎస్‌ని ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరి ఒత్తిడితో ఉడికించకు, మరిగిస్తే చాలు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయాలు వేరే ఉన్నాయి. చెరువులో రొయ్యల పట్టుబడి తెల్లారగట్ల మొదలవుతుంది, చీకట్లో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్ల వైర్లు ఎక్కడ తెగి ఉన్నాయో కనపడవు. "కరెంటు ఆపేశామండీ" అంటారు, నమ్మకు. స్విచ్ దగ్గర మనిషిని నిలబెట్టాకే నీళ్లలో చెయ్యి పెట్టు. రొయ్య తల మీది ముల్లు గ్లోవు దాటి దిగుతుంది, మందంగా ఉన్నవే కొనుక్కో. ఆ నీళ్లలో విబ్రియో వల్నిఫికస్ కూడా ఉండొచ్చు, అది పుండులోంచి ఒంట్లోకి పోతుంది. షుగరు, లివరు జబ్బు ఉన్నవాళ్లకి ప్రాణం మీదకొస్తుంది. మీ నాన్న తోడొస్తానంటాడు చూడు, ఆ కాళ్ల పగుళ్లేసుకుని. గట్టు దిగనివ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ల్యాబు పేరెందుకులే, నరసాపురం వైపు ఒక ఊళ్లో గృహప్రవేశం భోజనాలు తిని సగం ఊరు వాంతులూ విరేచనాలతో పడిపోయింది. మిగిలిన రొయ్యల వేపుడు స్టీలు డబ్బాలో మా దగ్గరికి వచ్చింది. శనివారం సాయంత్రం. మా పెద్దాయన గడియారం చూసుకుని డబ్బాని తీసుకెళ్లి డీప్ ఫ్రీజర్‌లో పెట్టారు. సెలవు అయ్యాక తీసి, కరగనిచ్చి, నేరుగా టీసీబీఎస్ మీద గీశారు. మర్నాడు ప్లేటు అద్దంలా ఉంది, బ్యాక్టీరియా పెరిగి చుక్కలా కనపడే కాలనీ ఒక్కటీ లేదు. "బ్యాక్టీరియా లేదు" అని సంతకం పెట్టి పంపేశారు.

విబ్రియోకి చలి పడదు. ఫ్రీజర్‌లో చాలావరకు చచ్చిపోతాయి, మిగిలినవి చావుకి దగ్గరగా ఉంటాయి. వాటిని క్షార గుణమున్న పెప్టోన్ నీళ్లలో కొన్ని గంటలు తేరుకోనివ్వాలి. తేరుకోనివ్వకుండా టీసీబీఎస్ లాంటి కటువైన మీడియం మీద వేస్తే ఎక్కడ పెరుగుతాయి?

రొయ్యల్లో ఏమీ లేదన్నారు కదా, ఊరు పెరుగు మీద పడింది. ఆ పెరుగు పోసినావిడ ఇంటికి గిన్నె పట్టుకెళ్లేవాళ్లే లేకుండా పోయారు. ఆవిడ గేదెల్ని అమ్మేసుకుంది. కొన్నాళ్లకి అదే వంటాయన చేతి భోజనాలు తిని ఇంకో ఊరు పడిపోయింది. ఈసారి రోగుల విరేచనాల నమూనాలు తాజాగా తెచ్చి, పెప్టోన్‌లో పెట్టి గీస్తే ఈ విబ్రియోవే ఆకుపచ్చటి కాలనీలు నిండుగా వచ్చాయి. ఆరా తీస్తే, పచ్చి రొయ్యలు ఒలిచిన బేసిన్‌నే పైపైన తొలిచి, వేయించినవి అందులోనే పోసి మధ్యాహ్నం దాకా ఉంచేవాడట. వేడి అనువుగా ఉంటే ఆ పురుగు పది నిమిషాల్లో రెట్టింపవుతుంది. గేదెల్ని మాత్రం ఎవరూ తిరిగి కొనివ్వలేదు. ఆవిడకి సంగతి చెప్పడానికి కూడా మా ల్యాబు నుంచి ఎవరూ వెళ్లలేదు.

అందుకే నీ కిట్ కంటే నమూనాలు మోసుకెళ్లే నీ ఐసు పెట్టె గురించే నాకు బెంగ. రొయ్యని ఐసుకి తగలనివ్వకు, మధ్యలో మందంగా కాగితం వెయ్యి. ఏడు నుంచి పది డిగ్రీల మధ్య చాలు, అదే రోజు ల్యాబుకి చేరాలి. నెగటివ్ వచ్చినప్పుడు ముందు ఆ నమూనా ఎలా వచ్చిందో అడుగు. పాజిటివ్ వచ్చినా ఎగిరి గంతెయ్యకు. ల్యాంప్ చూసేది డీఎన్ఏని, చచ్చినవాటిదైనా పట్టేసుకుంటుంది. క్లోరిన్ నీళ్లలో ముంచిన సరుకు మీద నీ కిట్ రంగు మారిందని లారీ వెనక్కి పంపేస్తే, అప్పుచేసి మేత వేసిన రైతు ఏమైపోవాలి? అందుకని కిట్ పక్కన ప్లేట్లూ పెట్టు, వాటి మీద బతికున్నవే పెరుగుతాయి. మొదటి ఏడాదంతా పెట్టు, గైడు విసుక్కున్నా సరే.

ఇంకోటి. ఇక్కడి రైతులకి "గ్రీన్ కాలనీలు" అంటే రొయ్యకొచ్చే జబ్బు. నువ్వు చూసేది మనిషికొచ్చే జబ్బు. 1950లో జపాన్‌లోని ఒసాకాలో చిన్న చేపలు తిని 272 మంది జబ్బుపడి, 20 మంది చనిపోతే, శాస్త్రవేత్త ఫుజినో గారు ఈ పురుగుని పట్టుకున్నారు. కానీ చెరువుల్లో దొరికేవాటిలో చాలావాటికి మనిషిని పడగొట్టే టీడీహెచ్, టీఆర్‌హెచ్ జన్యువులు ఉండవు. నీ కిట్ ఏ జన్యువుని వెతుకుతుందో ముందే తేల్చుకో. రైతుకి కూడా ఆ తేడా విప్పి చెప్పు, లేకపోతే నువ్వు వెళ్లగానే చెరువులో మందుల డబ్బాలు గుమ్మరిస్తాడు.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పెంకు మెత్తబడుతుందని పట్టుబడులు పెట్టుకోరు, నీ తేదీలు అది చూసి వేసుకో. నా థర్మాకోల్ పెట్టె మూత పగిలింది. కొత్తది కొనుక్కుని బిల్లు నాకు పంపు.

మీ అత్తయ్య