క్రోనో ట్రిగర్ వీడియో గేమ్ సిరీస్‌లో మూడో భాగం ‘క్రోనో బ్రేక్’ ఏమైంది?

ఆ పేరుతో ఆట ఎప్పుడూ విడుదల కాలేదు. క్రోనో ట్రిగర్ (1995), క్రోనో క్రాస్ (1999) తర్వాత, 2001లో స్క్వేర్ కంపెనీ ‘క్రోనో బ్రేక్’ పేరుకి ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టింది. అమెరికాలో పెట్టినదాన్ని 2003లో వదిలేసింది. ట్రేడ్‌మార్క్ అంటే పేరు మీద హక్కు, అంతే. ఆట తయారీ మొదలైందనడానికి అది రుజువు కాదు. ఈ సిరీస్ కథారచయిత మసాటో కాటో అప్పటికే ‘ఫైనల్ ఫాంటసీ 11’ అనే మరో ఆట పనిలో ఉన్నారు. అభిమానులు సొంతంగా చేసుకున్న ‘క్రిమ్సన్ ఎకోస్’ అనే క్రోనో ఆటని కూడా 2009లో లీగల్ నోటీసుతో ఆపించారు, పాపం దాదాపు పూర్తయ్యాక!

కథ కొనసాగింపే కావాలంటే ట్రిగర్ 2008 నాటి డీఎస్ (నింటెండో చేతి గేమ్ పరికరం) వెర్షన్ ఆడండి. అందులో కొత్తగా చేర్చిన ముగింపు నేరుగా క్రాస్ కథకి దారి తీస్తుంది. తర్వాత 2022 క్రాస్ రీమాస్టర్ (మెరుగుపరిచిన కొత్త వెర్షన్) పట్టండి, ట్రిగర్ కథకి సంబంధించిన పాత ఆట ‘రాడికల్ డ్రీమర్స్’ కూడా అందులోనే ఉంది.