కుడవలేని గొర్రెపిల్లకు గొట్టంతో జున్నుపాలు పట్టవచ్చా?

ప్రశ్న: మాకు నలభై నెల్లూరు జోడిపి గొర్రెలున్నాయి. మొన్నటి ముసురులో ఒక గొర్రె కవలలను ఈనింది. చిన్నపిల్ల కుడవలేకపోతే నోరు తెరిచి సీసాతో పాలు పోశాను. దగ్గింది, ముక్కులోంచి పాలు కారాయి, మర్నాటికి చనిపోయింది. నిరుడు మా నాన్నకు ఆసుపత్రిలో ముక్కు ద్వారా గొట్టం వేసి ఆహారం ఇచ్చారు. గొర్రెపిల్లకూ అలా పట్టవచ్చా?
– ఒక రైతు, ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా

జవాబు: తప్పకుండా పట్టవచ్చు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటాయి. కుడిచే బలం లేని పిల్లకు మింగే బలమూ ఉండదు. దయచేసి ఇకపై సీసాతో పోయకండి.

మీ నాన్నగారికి వేసినటువంటి రైల్స్ ట్యూబే, 14 లేదా 16 నంబరుది, మందుల షాపులో దొరుకుతుంది. దానితోపాటు 50 మి.లీ. సిరంజి తీసుకోండి. గొర్రెపిల్లకు ముక్కులోంచి కాకుండా నోట్లోంచి వేయాలి.

ముందుగా పిల్ల నోట్లో వేలు పెట్టి చూడండి. నోరు చల్లగా ఉండి, తల వాల్చేస్తుంటే గొట్టం వేయకూడదు. పొట్టలోని పాలు వెనక్కి తన్ని మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతాయి. అలాంటి పిల్లను తుడిచి ఆరబెట్టి, వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయండి. పుట్టి ఐదు గంటలు దాటి చల్లబడిన పిల్లకు వెచ్చచేసే ముందే డాక్టరు గ్లూకోజు ఎక్కించాలి.

తల నిలబెట్టగలిగితే ఒడిలో కూర్చోబెట్టుకోండి. ముక్కు కొస నుంచి చివరి పక్కటెముక వరకు గొట్టం కొలిచి గుర్తు పెట్టండి. కొస తడిపి, నాలుక మీదుగా నెమ్మదిగా జార్చండి. పిల్ల మింగుతూ ఉంటే అదే లోపలికి పోతుంది. అడ్డు తగిలితే బలవంతం చేయకండి. గుర్తు వరకు వెళ్లాక మెడ ఎడమవైపు వేళ్లతో తడమండి. గరుకుగా కట్లు కట్లుగా తగిలేది శ్వాసనాళం. దాని పక్కన ఇంకో మెత్తని గొట్టం చేతికి తెలియాలి. బయటి కొసను మీ చెంపకు ఆనించండి. పిల్ల శ్వాసతోపాటు గాలి తగిలినా, పిల్ల దగ్గినా వెంటనే తీసేయండి. ఈ పరీక్ష చేయనిదే ఒక్క చుక్క కూడా పోయకండి.

కిలో బరువుకు పూటకు 50 మి.లీ. జున్నుపాలు చాలు; రెండున్నర కిలోల పిల్లకు 125 మి.లీ. ఆరు గంటలకోసారి పట్టండి. మొదటి పూట పుట్టిన రెండు గంటల్లోపే అందితే మంచిది, ఆరు గంటలు దాటనివ్వకండి. అందులోని రోగనిరోధక పదార్థాలను పేగు పీల్చుకునే శక్తి గంటగంటకూ తగ్గి, ఒక రోజుకు పోతుంది. తల్లి చన్ను కొసన మైనంలా అడ్డుపడినదాన్ని పిండేసి పాలు తీయండి. తల్లికి లేకపోతే అప్పుడే ఈనిన మేకవైనా పనికొస్తాయి. కాయకండి, జున్ను అయిపోతాయి. గిన్నెను వేడినీళ్లలో ఉంచితే చాలు. సిరంజిలోని పిస్టన్ తీసేసి పైకెత్తి పట్టుకుంటే పాలు వాటంతట అవే దిగుతాయి. తీసేటప్పుడు గొట్టాన్ని మడిచి నొక్కిపట్టండి, చివరి చుక్కలు గొంతులో పడవు.

మనుషులకు నెలల తరబడి ఇలా ఇవ్వాల్సి వస్తే పొట్టకు చిన్న రంధ్రం చేసి నేరుగా గొట్టం అమరుస్తారు. ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూడటం) సాయంతో ఆ పద్ధతి 1979లో అమెరికాలో మొదలైంది. పెంపుడు కుక్కలకూ అమరుస్తారు. మీ పిల్లకు అంత అవసరం రాదు. రెండు మూడు పూటలయ్యాక మళ్లీ నోట్లో వేలు పెట్టండి. వేలిని పట్టి లాగుతుంటే తల్లి పొదుగు దగ్గర నిలబెట్టండి, గొట్టం మరిగించి దాచుకోండి.