రేవు ఫొటోల పుస్తకానికి వరుస కావాలంటే నీళ్లను చూడండి

మా రేవు దగ్గర తీసిన రెండు వందల ఫొటోలతో చేత్తో పుస్తకం కుట్టాలనుంది, ఏ వరుసలో పెట్టాలి అని అడిగారు. కుట్టడం గురించి చెప్పను. దబ్బనం, మైనం రాసిన దారం ఉంటే అది వారంలో వచ్చేస్తుంది. వరుస మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటే జన్మలో రాదు. చవకలో చిన్న ప్రింట్లు తీయించి నేల మీద పరవండి.

మాది సఖినేటిపల్లి. మూడేళ్ల కిందట ఇక్కడి నుంచి గోదావరిని నరసాపురం వైపు దాటించే పంటు, అంటే జనాన్ని, బళ్లను ఎక్కించుకునే పెద్ద పడవ, దాని గురించి 32 పేజీల పుస్తకం చేశాను. హాల్లో నలభై ప్రింట్లు పరిచి, ఫ్యాను గాలికి లేవకుండా ఒక్కోదానిపై కొబ్బరి చిప్ప పెట్టాను. అన్ని చిప్పలు ఎక్కడివని అడగకండి, కోనసీమ ఇది. ఎడమ పేజీలో పసుపు చీర, కుడి పేజీలో పసుపు గొడుగు. ఎంత బాగా కుదిరాయో అని మురిసిపోతున్నాను. ఉద్యోగం కోసం ముప్పై ఏళ్లు అదే పంటు మీద దాటిన మా పెదనాన్న కాఫీ గ్లాసుతో వచ్చి ఒక్కసారి చూశారు.

"ఇక్కడ పాటు, పక్కనే పోటు. ఏరు దాటడానికి ఆరు గంటలు పట్టిందా?"

పాటంటే సముద్రం వైపు నీళ్లు తీసే వేళ, పోటంటే నిండే వేళ, రెంటికీ మధ్య ఆరు గంటలు. చీర ఫొటోలో రేవు కింద బారెడు బురద, అందులో పీతల బొరియలు. గొడుగు ఫొటోలో నీళ్లు గట్టు అంచున ఉన్నాయి. రెండూ వేర్వేరు రోజులవి. కోపం వచ్చింది కానీ, ఆ రాత్రే చిప్పలన్నీ తీసేసి నీటి మట్టాన్ని బట్టి పేర్చాను. ముందు బురద, చివరికి నిండు ఏరు. తేదీల వరుస వదిలేశాను, అది బద్ధకస్తుల వరుస. అప్పుడు కనిపించింది: బురద ఫొటోల్లో అందరూ కాళ్ల వైపే చూస్తున్నారు, నీళ్లు నిండాక అందరి చూపూ అవతలి గట్టు మీదే.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ప్రింట్లకిస్తే, ఆగస్టు వరదలో ఎర్రగా ఉన్న గోదావరిని స్టూడియో వాళ్లు నీలంగా మార్చి ఇచ్చారు. పైగా, "అడక్కుండానే అందంగా చేశామండీ" అన్నారు. పెళ్లి ఆల్బమ్‌లు చేసీ చేసీ వాళ్ల కళ్లు అలా తయారయ్యాయి. రంగులు ముట్టుకోవద్దని రాసిచ్చి మరీ ఇవ్వండి.

వరుస కుదిరాక తెల్ల కాగితాలు మడిచి ఉత్తుత్తి పుస్తకం ఒకటి చేసుకోండి. నేను చేయలేదు, అనుభవించాను. నాలుగు కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మడిస్తే 16 పేజీల కట్ట ఒకటి, నా 32 పేజీలకు అలాంటివి రెండు. బయటి కాగితం మీద 1, 2, 15, 16 పేజీలు పడతాయి కాబట్టి మధ్యలో ఒక్క ఫొటో జరిపితే అన్నీ జరుగుతాయి. రెండు పేజీలకూ పరుచుకునే వెడల్పు ఫొటోను నేను 12, 13లో పెట్టాను. అవి వేర్వేరు కాగితాలు. తాడు విసురుతున్న కుర్రవాడు కుట్టులోకి వెళ్లిపోయి మోచేయి మాత్రం మిగిలాడు. అలాంటి ఫొటోకు తగిన చోటు ఒకే కాగితం మీద వచ్చే నడిమి పేజీలే: 8, 9 లేదా రెండో కట్టలో 24, 25.

రెండు వందల్లో పాతిక మిగిలినా చాలు, ఏడవకండి. పెదనాన్న నా పుస్తకంలో 19వ పేజీని ఇప్పటికీ ఒప్పుకోరు. ఆ బురద ఏటిది కాదు, పంట కాలువదట. కాలువదే. పీత బాగా పడిందని పెట్టాను.