గేర్ల స్కూటర్ కొంటున్నారా? ముందు క్లచ్ కేబుల్ సంగతి చూడండి

"చేతి గేర్ల పాత టూ స్ట్రోక్ స్కూటర్ రోజూ నడపొచ్చా, దారిలో ఆగిపోతుందా?" అని కదా ప్రశ్న. నిక్షేపంగా నడపొచ్చు. ఆగడమంటారా, ఇంజన్ పాపం తక్కువే, అసలు దొంగ క్లచ్ కేబుల్, అంటే క్లచ్ లివర్‌ని ఇంజన్‌కి కలిపే తీగ.

అది ఒక్కసారిగా తెగదు. లివర్ దగ్గర తీగ చివర లోహపు గుండు ఉంటుందే, దాని పక్కనే పోగులు ఒక్కొక్కటే తెగుతూ వస్తాయి. మొన్ననే బిగించిన క్లచ్ మళ్లీ వదులైందన్నా, నొక్కుతుంటే గరగరమన్నా ఇక మార్చేయాల్సిందే. కొత్త తీగకి గ్రీజు పట్టించి లివర్ వైపు నుంచి కేబుల్ గొట్టంలోకి తోయండి. ఇంజన్ దగ్గరి అడ్జస్టర్ స్క్రూని ముందే పూర్తిగా లోపలికి తిప్పి ఉంచాలి, లేకపోతే కొత్త తీగ సాగాక బిగించడానికి చోటుండదు. తీగని లాగిపట్టి క్లాంప్ బిగించాక లివర్ మొదట్లో రెండు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అసలు వదులే లేకపోతే క్లచ్ జారి ప్లేట్లు కాలిపోతాయి. మరీ వదులైతే క్లచ్ పూర్తిగా విడవదు, న్యూట్రల్ దొరకదు. మిగిలిన తీగని రెండు మూడు సెంటీమీటర్లు వదిలి కత్తిరించండి. మొదలంటా కోసేస్తే తర్వాత పట్టుకారుతో పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

నడిరోడ్డు మీద తెగితే? న్యూట్రల్‌లో కిక్ కొట్టి, సీటు మీద కూర్చుని కాళ్లతో బండిని దొర్లించండి. కాస్త వేగం అందుకోగానే ఎడమ చేతి గేర్ గ్రిప్‌ని ఒకటో గేరుకి తిప్పండి. ఆపై ప్రతి గేరుకీ యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, ఆ క్షణంలోనే తిప్పాలి. ఆగేముందు న్యూట్రల్‌కి వచ్చేయాలి. ట్రాఫిక్‌లో ఈ పని వద్దు, దిగి తోసుకెళ్లడమే మేలు. వెస్పా తరహా ఇంజన్లలో ఇంకో తిరకాసుంది. గేరులో ఉంచి, క్లచ్ పట్టుకుని ఎంత కిక్ కొట్టినా స్టార్ట్ కాదు. కిక్ బలం క్లచ్ గుండానే ఇంజన్‌కి చేరుతుంది మరి.

గేర్ కేబుళ్లు రెండు. గ్రిప్ ఊరికే తిరుగుతూ గేరు ఆలస్యంగా పడితే ఇంజన్ మీద ఆ కేబుళ్లు చేరే చిన్న గేర్ సెలెక్టర్ పెట్టె దగ్గర వాటిని బిగిస్తే సరి. కేబుళ్లు సరిగ్గా ఉన్నా లాగుతున్నప్పుడు గేరు దానంతటదే ఊడిపోతోందంటే మాత్రం లోపల గేర్లని పట్టి ఉంచే కూడిక గుర్తు ఆకారపు ముక్క, అంటే క్రాస్, అరిగింది. అప్పుడు ఇంజన్ విప్పక తప్పదు.

ఇక ఈ ఇంజన్లకి పెట్రోల్లో కలిపి పోసే ఆయిల్ దగ్గర జనం చేసే దానధర్మాలు చూస్తే ఒళ్లు మండుతుంది. వెస్పా పీఎక్స్ తరహా ఇంజన్‌కి లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు, అంటే రెండు శాతం చాలు. "ఇంజన్‌కి మంచిదని" రెట్టింపు పోస్తే ప్లగ్ నల్లగా తడుస్తుంది, సైలెన్సర్‌లో మసి పేరుకుని బండి లాగడం మానేస్తుంది. పైగా ఆయిల్ పెరిగిన మేర పెట్రోల్ తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది కూడా. పొడవాటి పల్లంలో యాక్సిలరేటర్ మూసేసి గేరులో దిగకండి. పెట్రోల్ ఆగితే దాంతో వచ్చే ఆయిలూ ఆగుతుంది. అప్పుడప్పుడూ క్లచ్ పట్టి కాస్త యాక్సిలరేటర్ ఇవ్వండి.

కొనేటప్పుడు పెయింట్ చూసి మురిసిపోవద్దు. బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ దట్టంగా వస్తుంటే అమ్మేవాడు "ఆయిల్ కాస్త ఎక్కువ పడింది, అంతే" అంటాడు. నమ్మకండి. క్లచ్ వైపు ఆయిల్ సీల్ (గేర్ బాక్స్ ఆయిల్ ఇంజన్‌లోకి రాకుండా ఆపే రింగు) పోతే ఇంజన్ గేర్ బాక్స్ ఆయిల్‌ని పీల్చుకుని తగలేస్తుంది, పొగ అదే. బండిని నిటారుగా నిలబెట్టి గేర్ ఆయిల్ పోసే బోల్టు విప్పించండి. ఆయిల్ ఆ రంధ్రం అంచు దాకా ఉండాలి. బాగా దిగి ఉండి, కింద కారిన జాడ కూడా లేకపోతే, సీల్ మార్చే ఖర్చు ధరలో తగ్గించాకే బేరం ముగించండి.